గడప మీద ఎర్ర పావడా

జపాను ఉత్తర తీరంలో హమాజురు అనే బెస్తపల్లె ఉంది. అక్కడి సముద్రపు తల్లి గుడిలో పెద్ద పూజారి ఊదారంగు బట్టలు, చిన్న పూజారులు లేత నీలం కడతారు. రంగు చూసి దణ్ణం పెట్టడం మనకూ కొత్తేమీ కాదు. తెలుపు శుద్ధికి గుర్తు, ఎరుపు పీడను తరిమే రంగు. అందుకే అమ్మవారి ముందు నాట్యం చేసే కన్య పాదాల దాకా వచ్చే తెల్ల అంగీ మీద ఎర్ర పావడా కట్టాలి. అయితే ఇక్కడ వసంతోత్సవం నాడు ఆమె చాలా ఏళ్ళలో ఒట్టి తెలుపుతోనే వస్తుంది. ఆ దేశంలో ఆపాదమస్తకం తెలుపు శవానికి కట్టే బట్ట. కొత్తగా చూసినవారి గుండె ఝల్లుమంటుంది.

పూర్వం ఇక్కడ మశూచి సోకింది. మనకు వేపమండలెలాగో, ఆ రోగానికి వారికి ఎర్రబట్ట అలాగ. ఊళ్ళోని ఎర్రగుడ్డలన్నీ రోగుల పక్కల మీదికి చేరాయి. తోయో అనే బెస్త స్త్రీ కూతురికి జ్వరం వచ్చేసరికి పీలికైనా మిగలలేదు. పడవలు వేటకు బయలుదేరే ఉత్సవం ఉదయం ఆమె గుడికి పరుగెత్తి, నాట్యకన్య చిసే కాళ్ళ మీద పడింది.

"అమ్మా, నీ పావడా ఇయ్యి. నా బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది."

పెద్ద పూజారి అడ్డుపడ్డాడు. "అది అమ్మవారి సొత్తు. చిసే, నువ్వు తెల్లబట్టతో ఆడితే పడవలు తిరిగి రావు. నలభై మంది ప్రాణాలు!"

ఆ నలభై మందిలో తోయో భర్తా ఉన్నాడు. చిసేకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ముడి విప్పి పావడా ఇచ్చేసింది. తెల్ల అంగీతోనే ఆడింది.

పడవలు వెళ్ళాయి. మూడు రోజులు గాలివాన. ఒక్క తెరచాపా కనబడలేదు, బిడ్డ కళ్ళు తెరవలేదు. ఊరి ఆడవాళ్ళు చిసేతో మాట మానేశారు. పాపం తనదేనని ఆ పిల్ల అన్నం ముట్టక ఒడ్డునే నిలబడి ఏడ్చింది.

నాలుగో నాటి మధ్యాహ్నం పెద్ద పూజారికి కునుకు పట్టింది. కలలో అమ్మవారు తెల్లబట్టలతో కనిపించి, "నా పావడా ఉండవలసిన చోటే ఉంది. ఇకమీదట ఏటా గడప మీద పెట్టు. కావలసినవారు పట్టుకుపోతారు" అంది. ఆయన ఉలిక్కిపడి లేచి ఒడ్డుకు వచ్చేసరికి పడవలు వస్తున్నాయి. సాయంత్రానికి బిడ్డ గంజి అడిగింది.

రోగికి కప్పిన ఆ పావడాను ఆచారం ప్రకారం కాల్చివేశారు. నాటి నుంచి ఉత్సవం ఉదయం కొత్తది కుట్టి గడప మీద ఉంచుతారు. బిడ్డకు నలతగా ఉన్న తల్లి ఎవరైనా, ఎవరినీ అడగకుండా తీసుకుపోవచ్చు. డోలు మోగేదాకా ఊరంతా ఊపిరి బిగబట్టి ఆ గడపనే చూస్తుంది. అప్పటికీ పావడా అక్కడే ఉంటే కన్య దాన్ని కట్టుకుని ఆడుతుంది.

అందుకని ఈ గుడికి వచ్చే తల్లులు తమకంటూ ఏ వరమూ కోరరు. ఈ ఏడు ఎరుపు చూపించమని మాత్రం మొక్కుతారు.