కాలికి బరువైన గండపెండేరం

పూర్వం కందగిరిని జయంతవర్మ అనే రాజు ఏలేవాడు, పిల్లలూ. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధీరసేనుడు, రెండోవాడు భద్రసేనుడు, మూడోవాడు కమలాకరుడు. పెద్దవాడికి గుర్రమంటే ఇష్టం. రెండోవాడికి కత్తి అంటే ఇష్టం. మూడోవాడికి పల్లకి అంటే ఇష్టం. తోటలోకి వెళ్లాలన్నా పల్లకి, భోజనశాలకు వెళ్లాలన్నా పల్లకి. చివరి బిడ్డ కదా అని తల్లి ముద్దు చేసింది. తండ్రి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అరికాలికి మట్టి అంటకుండా పెరిగినవాడు అవసరం వచ్చినప్పుడు ఏమవుతాడో మీరే చూద్దురుగాని.

ఆ రోజుల్లో ధూమ్రకేశుడనే మాంత్రికుడు పొరుగున ఉన్న శ్వేతపురి రాజు కూతురు హేమవల్లిని ఎత్తుకుపోయాడు. ఆమెను తెస్తామని అన్నదమ్ములు ముగ్గురూ బయలుదేరారు. ధీరసేనుడు ఒకప్పుడు అడవి మంటల్లోంచి ఒక గండభేరుండ పక్షి పిల్లల్ని కాపాడాడు. ఆ పక్షి వాళ్లను వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలు దాటించి ఒక దీవి ఒడ్డున దింపింది.

అప్పుడు పక్షి చెప్పింది. దీవి మధ్యలో బురుజు ఉంది. బురుజులో రాకుమారి ఉంది, ఆమె పక్కన పంజరం ఉంది, పంజరంలో చిలుక ఉంది, ఆ చిలుకలో మాంత్రికుడి ప్రాణం ఉంది. ఒడ్డు నుంచి బురుజు దాకా ఆమడ దూరం తెల్లటి ఇసుక. దాని మీద కాలు పెట్టినవాడు పరుగున బురుజు చేరాలి. మధ్యలో నడిచినా రాయే, నిలిచినా రాయే, వెనక్కి తిరిగినా రాయే. అలా పరుగున చేరినవాడి చేతికే పంజరం తలుపు తెరుచుకుంటుంది. మాంత్రికుడి ప్రాణం పోతే రాళ్లయినవాళ్లు మళ్లీ మనుషులవుతారు.

ధీరసేనుడు బాణంలా దూసుకుపోయాడు. దారి సగమైనా కాకముందే ఊపిరి చాలక మోకాళ్లు పట్టుకుని వంగాడు. వంగినవాడు వంగినట్టే రాయైపోయాడు.

భద్రసేనుడు అది చూసి కాస్త నిదానంగా పరుగెత్తాడు. అన్న రాతిని దాటుతుండగా గాలిలోంచి మాంత్రికుడి గొంతు వినిపించింది. "సొంత అన్న రాయై నిలబడితే దాటిపోతున్నావే, నువ్వేం తమ్ముడివిరా?" భద్రసేనుడికి రోషం వచ్చింది. బదులు చెప్పడానికి ఆగాడు. పాదాలు రాయయ్యాయి, నడుము రాయైంది. నోరు రాయయ్యేలోపు ఒడ్డువైపు చెయ్యి చాచి ఒక్క మాట అరిచాడు. "తమ్ముడూ, మెల్లగా రా. ఆగకుండా రా."

ఇప్పుడు కమలాకరుడి వంతు. బురుజు కిటికీలో రాకుమారి నిలబడి చూస్తోంది. ఆమె చూస్తున్న సంగతి అతనికీ తెలుసు. ఇసుక అంచు దాకా వచ్చాడు, ఒక కాలు ఎత్తాడు, మళ్లీ దింపేశాడు. తిరిగి వచ్చి పక్షి వీపెక్కి, పోదాం అన్నాడు.

"ఎక్కడికి?" అని అడిగింది పక్షి.

"ఇంటికి."

పక్షి పైకి లేచింది. ఏడు సముద్రాలు దాటించి అతన్ని కందగిరిలో దింపింది.

ఇంటికి వెళ్లి కమలాకరుడు ఏం చెప్పాడనుకున్నారు? ముగ్గురమూ మాంత్రికుడి సైన్యంతో యుద్ధం చేశామని, అన్నలు తన ఒళ్లోనే ప్రాణాలు విడిచారని, తాను శత్రువుల్ని చీల్చుకుని బయటపడ్డానని చెప్పాడు. పారిపోయినవాడిని నేను క్షమిస్తానేమో గాని, చెప్పిన ఆ అబద్ధాన్ని క్షమించను.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. సాటిలేని వీరుడి ఎడమ కాలికి రాజు నిండు సభలో స్వయంగా వంగి బంగారు గండపెండేరం తొడుగుతాడు. తొడిగిన చేయి తప్ప మరో చేయి దాన్ని తీయకూడదు. ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న ముసలి రాజు సింహాసనం దిగి, మూడో కొడుకు పాదం దగ్గర వంగాడు. ఆ పాదాన్ని వెనక్కి లాక్కోవాలని కమలాకరుడికి అనిపించింది. కానీ లాక్కోలేదు.

ఆ రోజు నుంచి అతను అడుగు వేస్తే గండపెండేరం మోగేది. అది మోగితే వీధిలో జనం దండాలు పెట్టేవారు. పిల్లలు కర్రకత్తులతో యుద్ధం ఆట ఆడుతూ, కమలాకరుడి వేషం నాదంటే నాదని కొట్టుకునేవారు. ఒక సాయంత్రం తల్లి గోరువెచ్చని నూనె తెచ్చి అతని పాదాలు ఒళ్లో పెట్టుకుంది. ఎంత దూరం పోరాడి వచ్చాయో ఈ పాదాలు అంటూ మర్దన చేసింది. అవి పువ్వుల్లా మెత్తగా ఉన్నాయి. ఎక్కడా ఒక్క గీత లేదు. తల్లి నిమురుతూ నిమురుతూ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ నిమిరింది.

మర్నాడు కమలాకరుడు ఇల్లు విడిచి అడవికి పోయాడు.

ఆగకుండా ఆమడ దూరం పరుగెత్తడం నేర్చుకోవాలి. అది నేర్చుకుంటే అన్నలు దక్కుతారు, లేకపోతే లేదు. చెట్ల మధ్య ఒక బాట చూసుకుని ప్రాణభయంతో పారిపోతున్నవాడిలా పరుగెత్తాడు. దగ్గర్లోని చీమలపుట్ట చేరేసరికి డొక్కలు పట్టేసి బోర్లా పడ్డాడు. లేచి మళ్లీ పరుగెత్తాడు, మళ్లీ పడ్డాడు. మూడోసారి పడ్డప్పుడు పొదలోంచి ఎవరో దగ్గినట్టు నవ్వారు.

అది ఒక ముసలి రేచుకుక్క. మందలుగా వేటాడే అడవికుక్క జాతి. ఒక చెవి చిరిగిపోయి ఉంది.

"ఎవరు తరుముతున్నారు నాయనా? నాకెవరూ కనబడటంలేదే" అంది.

అతను సిగ్గుతో తల దించుకుని, పరుగు నేర్పమని వేడుకున్నాడు. రేచుకుక్క తన జాతి సంగతి చెప్పింది. జింకకున్న వేగం వాటికి లేదు. కానీ జింక ఆగుతుంది, అవి ఆగవు. "నోట మాట రానంత వేగంగా పరుగెత్తావంటే, నువ్వు ఆగడానికే పరుగెత్తుతున్నావన్నమాట. మాట్లాడుతూ పరుగెత్తు. మాట తెగితే వేగం తగ్గించు. వేగం తగ్గించాక కూడా మాట రాకపోతే కాస్త నడువు. మాట రాగానే మళ్లీ పరుగందుకో."

"ఏం మాట్లాడను, అవ్వా?"

"కాలికి ఏదో మోగుతోందిగా. అది ఎలా వచ్చిందో చెప్పు."

కమలాకరుడు పరుగెత్తుతూ ఇంట్లో చెప్పిన కథే చెప్పాడు. రేచుకుక్క పక్కనే నింపాదిగా వస్తూ వింది. మద్దిచెట్టు దగ్గర అతనికి ఊపిరి తెగింది. కుక్క కూర్చుని కాలితో చెవి గోక్కుంది.

"పుట్ట దగ్గర నీ శత్రువులు వందమంది. ఇక్కడికొచ్చేసరికి వెయ్యిమంది అయ్యారు. ఇంకొంచెం మెల్లగా పరుగెత్తు నాయనా, ఇంకా పెరుగుతారు."

కమలాకరుడి చెవులు సిగ్గుతో వేడెక్కాయి.

ఇలా రోజులు గడిచాయి. మొదట పుట్ట దాకా పరుగు, మద్దిచెట్టు దాకా నడక. తర్వాత మద్దిచెట్టు దాకా పరుగు, వాగు దాకా నడక. కొంచెం కొంచెంగా నడక తగ్గింది, పరుగు పెరిగింది. పాదాలు పగిలి, ఎండి, గట్టిపడ్డాయి. గండపెండేరం ఒరుసుకుని చీలమండ దగ్గర పుండు పడింది. ఆకు పసరు పూసుకుని, గుడ్డ చుట్టుకుని పరుగెత్తాడు. ఒకసారి పిక్కలు వాచినా వినకుండా బయలుదేరబోతే రేచుకుక్క దారికి అడ్డంగా పడుకుంది. పరుగెత్తిన రోజు కాలు అరుగుతుంది, పడుకున్న రోజు గట్టిపడుతుంది, పడుకోమంది.

మోదుగలు పూసే వేళకు రెండోసారి కథ అడిగింది. ఈసారి అతను యుద్ధం మాట ఎత్తలేదు. అన్నలు రాళ్లయ్యారని ఒప్పుకున్నాడు. తాను బయలుదేరబోతుంటే పక్షి భయపడి వెనక్కి ఎత్తుకొచ్చిందన్నాడు.

"పోనీలే. ఈసారి భయపడింది పక్షి అన్నమాట" అంది కుక్క. ఆ రోజంతా అతను దాని ముఖం చూడలేకపోయాడు.

వానలు పట్టాయి. బాట బురదైంది. ఒక ఉదయం వానలో తడుస్తూ పరుగెత్తుతుండగా, ఎవరూ అడక్కుండానే కమలాకరుడు చెప్పడం మొదలుపెట్టాడు. ఎత్తిన కాలు ఎలా దింపేశాడో చెప్పాడు. అన్న చాచిన చెయ్యిని చూసి కూడా ఎలా తిరిగి వచ్చాడో చెప్పాడు. పక్షి మీద చెప్పిన అబద్ధం కూడా చెప్పాడు. తండ్రి వంగినప్పుడు, తల్లి నిమిరినప్పుడు నోరు మూసుకుని ఎలా కూర్చున్నాడో చెప్పాడు. ఏడుస్తూ చెప్పాడు, కానీ మాట తెగలేదు. చెప్పడం పూర్తయ్యేసరికి వాగు ఎప్పుడో వెనకబడింది.

నిజం చెప్పినంత మాత్రాన కాళ్లకు బలం వచ్చేయదు, పిల్లలూ. మర్నాడూ పరుగెత్తాలి, ఆ మర్నాడూ పరుగెత్తాలి. అతను పరుగెత్తాడు. పంటలు కోతకొచ్చే వేళకు అడవి ఈ చివర నుంచి ఆ చివరకు, ఆమడ దూరం, మాట్లాడుతూ ఆగకుండా పోగలిగాడు. అప్పుడు రేచుకుక్క గండభేరుండ పక్షిని పిలిచింది.

"ఈసారి ఎక్కడికి?" అంది పక్షి.

"మా అన్నల దగ్గరికి. నా పిరికితనాన్ని నీ మీదికి నెట్టాను. నన్ను మన్నించు."

పక్షి రెక్కలు విప్పింది.

కమలాకరుడు ఇసుక మీద కాలు పెట్టి, మెల్లగా పరుగందుకున్నాడు. కొంత దూరం పోయాక గాలిలోంచి తీయటి గొంతు పిలిచింది. "గండపెండేరం తొడిగిన వీరుడా, ఒక్క క్షణం ఆగు. నీకు హారతివ్వాలి." అతను ఆగలేదు. పెద్దన్న రాతిని దాటాడు. ఈసారి ఉరిమే గొంతు వచ్చింది. ముందున్న ఇసుకలో పాములున్నాయని బెదిరించింది. అతను ఆగలేదు. రెండో అన్న రాతి దగ్గరికి వచ్చాడు. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. కాళ్లు బరువెక్కాయి. పాత పుండు చిట్లి రక్తం కారుతోంది. అప్పుడు మూడో గొంతు చెవి దగ్గరే మెల్లగా మాట్లాడింది.

"ఈ చెయ్యిని చూసి పారిపోయింది నువ్వే కదూ? అబద్ధం చెప్పి కాలికి బంగారం తొడిగించుకుంది నువ్వే కదూ?"

ఆ మాటకు ఎవరైనా నిలిచిపోతారు. కాదనడానికైనా నిలుస్తారు, తల వంచుకునైనా నిలుస్తారు. కమలాకరుడు ఎన్నోసార్లు చెప్పిన మాటే మరోసారి చెప్పాడు. ఊపిరి తెగకుండా, అడుగు తప్పకుండా చెప్పాడు.

"అవును. నేనే."

అన్న రాతిచేతిని పోతూ పోతూ తాకి అతను ముందుకు సాగాడు. బురుజు చేరాడు, మెట్లన్నీ పరుగున ఎక్కాడు, పంజరం తలుపు తెరిచాడు.

చిలుక తుర్రున కిటికీలోంచి ఎగిరిపోయింది. ఏళ్ల తరబడి పంజరంలో కూర్చుని జాంపండ్లు మేసిన చిలుక అది. లావెక్కి ఉంది. కొంత దూరం ఎగిరింది, రొప్పింది, రెక్కలు సాగక ఇసుక మీద వాలింది. ఇసుక నియమం ఎవరికైనా ఒకటే. చిలుక రాయైంది. ఆకాశంలో ధూమ్రకేశుడు కేక పెట్టి, రాతి ముద్దయి సముద్రంలో పడ్డాడు. అన్నలిద్దరూ నిద్రలేచినట్టు ఒళ్లు విరుచుకున్నారు.

హేమవల్లితో సహా నలుగురూ పక్షి వీపెక్కారు. తిరుగు దారిలో కమలాకరుడు వాళ్లకు అంతా చెప్పాడు. ధీరసేనుడు తమ్ముడి భుజం తట్టి, పాత సంగతి సభలో ఎత్తవద్దన్నాడు. ప్రాణాలతో వచ్చాం, అది చాలు, వంశం పరువు పోగొట్టడం దేనికన్నాడు. కమలాకరుడు వినలేదు. నిండు సభలో, తల్లి ముందు, జనం ముందు, మొదటి నుంచీ చివరిదాకా చెప్పాడు. ఎడమ కాలు ముందుకు పెట్టాడు.

"నాన్నగారూ, ఇది మీ చేతితోనే తీయాలి."

ముసలి రాజు సింహాసనం దిగి వచ్చి మళ్లీ వంగాడు. గండపెండేరం తీశాడు. దాని కింద ఉన్న పుండును, పగిలిన అరికాలిని చూశాడు. ఆ పాదం మీద ఒక కన్నీటి చుక్క పడింది.

హేమవల్లిని తండ్రికి అప్పగించేటప్పుడు, ముగ్గురిలో నీకు నచ్చినవాడిని వరించమన్నారు. "ఈయన వెనక్కి పోవడం కిటికీలోంచి చూశాను. తిరిగి రావడమూ చూశాను. నా దగ్గర దాచడానికి ఈయనకేమీ లేదు" అని ఆమె కమలాకరుడి మెడలో దండ వేసింది. శ్వేతపురి రాజుకు కొడుకులు లేరు. ఆ రాజ్యాన్ని కమలాకరుడే చాలాకాలం చక్కగా ఏలాడు. ఆ ఇంట్లో పల్లకి లేదు.

రోజూ తెల్లవారగానే అతను పిల్లల్ని వెంటబెట్టుకుని పరుగెత్తేవాడు. మీ చీలమండ మీద ఆ మచ్చ ఏమిటి నాన్నా అని పిల్లలు అడిగేవారు. అతని ముఖం ఎర్రబడేది. ముసలివాడయ్యాక కూడా ఎర్రబడేది. అయినా ఒక్క మాట దాచకుండా, ఒక్క అడుగు ఆగకుండా, అంతా చెప్పేవాడు.