అటు తిప్పిన కాగితం

మాస్టారి దగ్గర చేరిన ఏడాదిలో భార్గవ్‌కి ఒక విద్య బాగా పట్టుబడింది. ఉద్యోగానికి వచ్చినవాళ్ళ చేతే జీతం అంకె ముందు చెప్పించడం, వాళ్ళు తక్కువ చెబితే అదే ఖాయం చేసెయ్యడం.

మాస్టారంటే జోగారావు గారు. విశాఖ దగ్గర ఓ మందుల కంపెనీలో హెచ్ఆర్ విభాగానికి పెద్ద. ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని పనిలో చేర్చుకునే పనే ఆయనది. స్వీపరు దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు.

ఆ రోజు ల్యాబ్‌లో కెమిస్టు పోస్టుకి సత్యవేణి అనే ఆవిడ ఎంపికైంది. అనకాపల్లి మనిషి. ఇదివరకు ఆరేళ్ళు ఇదే పని చేసింది. అత్తగారికి పక్షవాతం వస్తే మానేసి, ఏడేళ్ళు ఇంట్లోనే ఉండిపోయింది. అయినా పరీక్షలో అందరికంటే ఆవిడకే ఎక్కువ మార్కులు.

ఆవిడతో మాట్లాడి భార్గవ్ హుషారుగా మాస్టారి గదిలోకి వచ్చాడు.

"పదహారు వేలకి ఒప్పుకున్నారు మాస్టారూ! మన స్కేలు ఇరవై రెండుతో మొదలు. నెలకి ఆరు వేలు మిగిలినట్టే."

"నువ్వెంత ఇస్తామన్నావు?"

"నేనేమీ అనలేదండి. ఆవిడే అడిగారు."

జోగారావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"వెళ్ళిపోయిందా?"

"లేదండి, బయట కూర్చున్నారు."

"పిలు."

సత్యవేణి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. మాస్టారు సొరుగులోంచి ఒక కాగితం తీశారు. ఏ పోస్టుకి ఎంత జీతమో రాసి ఉన్న కాగితం అది. బయటివాళ్ళెవరికీ చూపించరు. దాన్ని బల్ల మీద పెట్టి, అక్షరాలు ఆవిడకి కనబడేలా అటు తిప్పారు. కెమిస్టు అన్న వరస దగ్గర వేలు ఉంచారు.

"చదువమ్మా. చదివి, ఎంత కావాలో ఇప్పుడు చెప్పు."

ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది. భార్గవ్ వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

"ఏడేళ్ళు పని మానేశాను కదండీ. అసలు రానిస్తే చాలనుకున్నాను."

"మానేసిన ఏడేళ్ళకి మేం జీతం ఇవ్వటం లేదమ్మా. రేపటి నుంచి చేసే పనికి ఇస్తున్నాం."

ఆవిడ నిటారుగా కూర్చుంది.

"ఆరేళ్ళ అనుభవం ఉందండి. ఇరవై నాలుగు ఇవ్వండి."

"అలా అడగాలి!" అంటూ మాస్టారు నవ్వి, నియామకపత్రం మీద అంకె వేసి సంతకం పెట్టారు.

ఆవిడ వెళ్ళాక భార్గవ్ ఉండబట్టలేకపోయాడు.

"డైరెక్టరు గారు అడిగితే?"

"నన్నే అడుగుతారు. నేను చెప్పుకుంటాను."

"పదహారని ఆవిడ తన నోటితోనే అన్నారండి. నేను అబద్ధమేమీ ఆడలేదు."

"ఆడలేదు," అన్నారు మాస్టారు. "ఇరవై రెండని ఆవిడకి తెలీదు. నీకు తెలుసు."

భార్గవ్ తన సీటు దగ్గరికి వెళ్ళాడు. కూర్చోలేదు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత బీరువా తెరిచి, ఆ ఏడాది తాను చేర్చుకున్నవాళ్ళ ఫైళ్ళలోంచి, స్కేలు కంటే తక్కువకి ఖాయం చేసినవి నాలుగు ఏరాడు. తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టాడు.

జోగారావు గారు పై ఫైలు చూశారు. పక్కనున్న కుర్చీని దగ్గరికి లాగారు.

"కూర్చో. మొదటి పేరు చదువు."