కాలివేలికి తాడు

కథ చెప్పడం నేర్పమని చెన్నమల్లయ్యగారి దగ్గరికి వచ్చినవాళ్ళను వరసలో నిలబెడితే ఆ వరస కాశీ దాకా పోతుంది. నిలిచినవాడు మాత్రం ఓబులేశు ఒక్కడే. మిగతావాళ్ళు ఆయన మౌనానికి జడిసి పారిపోయారు. ఏం అడిగినా ఆయన తంబూరా ఒళ్ళో పెట్టుకుని, ఒకప్పుడు ఎర్రగా ఉండిన ఓ చింకిపేలికతో తుడుస్తూ కూర్చుంటారు. ఆ పేలిక పుట్టాక నీళ్ళు చూసి ఎరగదు.

ఆ రోజు సంతలో ఓబులేశు కథ చెబితే జనం ఆవులించిన ఆవులింతల్లోకి జోడెడ్ల బండి తోలుకుపోవచ్చు. ఒక పెద్దాయన కథ మధ్యలో నిద్రపోయి, లేచి, గడ్డం గీయించుకొచ్చి, మళ్ళీ నిద్రపోయాడు. ఓబులేశుకు అన్నం సహించలేదు. ఈ విద్య అబ్బకపోతే తండ్రి దిగిన మగ్గం గుంటలోకే తనూ దిగాలి.

"స్వామీ, నా వీరుణ్ని సింహమన్నాను, చంద్రుడన్నాను, గుణాలపుట్ట అన్నాను. ఇంకేం చెబితే వాడు మనిషవుతాడు?" అని అడిగాడు.

చెన్నమల్లయ్యగారు తంబూరా తుడవడం ఆపకుండానే చెప్పుకొచ్చారు. నల్లగుట్ట సీమలో గద్దె కోసం అన్నదమ్ములిద్దరూ కొట్టుకున్న రోజులవి. ఏటికి ఈ ఒడ్డు అన్నది, ఆ ఒడ్డు తమ్ముడిది. నిన్నటిదాకా ఒకే రేవులో గొడ్లను కడిగినవాళ్ళు ఒకరి వాములు ఒకరు అంటించుకున్నారు. అన్న మనుషులు ఆ ఒడ్డు కుర్రాళ్ళను మూడువందల మందిని పట్టి కోటలోని ధాన్యపు పాతరలో వేశారు. పట్టుబడ్డవాడెవడూ పేరు చెప్పడు. పేరు తెలిస్తే ఇల్లు కాలుతుంది. అందుకే కోట వాకిట్లో తల్లులు కూడా బిడ్డల పేర్లు పలకరు.

గురవమ్మ అనే ఆవిడ కొడుకు కోసం ఏరు దాటివచ్చి పాతర కావలివాడి కాళ్ళు పట్టుకుంది. వాడేమీ రాయి కాదు. ఎవరో గుర్తు తెలిస్తే ఒక్కణ్ని గోనెల చాటున దాటిస్తానన్నాడు. ఎలాంటివాడని అడిగితే, బంగారంలాంటి బిడ్డ, చీమకైనా హాని తలపెట్టడు అందావిడ.

"లోపల మూడువందల బంగారాలున్నాయమ్మా" అన్నాడు కావలివాడు.

మర్నాడు మళ్ళీ వచ్చి, ఒడ్డూ పొడుగూ ఉంటాడనీ, ఊరందరికీ తలలో నాలుకనీ చెప్పింది. కావలివాడు పాతరలోకి తొంగి చూసి వచ్చాడు. ఆ మట్టిలో, ఆ ఆకలిలో అందరూ ఒకేలా ఉన్నారు.

మూడోనాటికి ఆవిడ దగ్గర పొగడ్తలు అయిపోయాయి. గోడవార కూలబడి తనలో తను ఇంటి గోడు చెప్పుకుంది. లేగ తప్పించుకుని తల్లి పాలన్నీ తాగేస్తోందట. వాడుంటే దాని పలుపు తన కాలి బొటనవేలికి కట్టుకుని పడుకునేవాడు; అది కదిలితే లేచేవాడు. పసితనం నుంచీ కాలికి తాడు లేనిదే వాడికి కన్ను మూతపడదు.

కావలివాడు ఆవిడ వైపు తిరిగాడు.

"నిన్న ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

పాతరలో ఒకడు తన ఎర్ర తలపాగా చింపి, ఒక కొస కాలివేలికి, ఇంకో కొస నిచ్చెన మెట్టుకు కట్టుకుని పడుకున్నాడు. బయటివాళ్ళకు సైగ చేసే తాడని అనుమానపడి పైవాళ్ళకు చెప్పింది కావలివాడే. నిన్న సాయంత్రం వాణ్ని ఏటి ఇసుకలోకి తీసుకుపోయారు; తిరిగి తేలేదు.

చెన్నమల్లయ్యగారు తంబూరా తుడవడం ఆపారు.  ఆ కావలివాడు ఏమయ్యాడని అడిగాడు ఓబులేశు.

 ఆయన చేతిలోని ఎరుపు వెలిసిన పేలికను నాలుగు మడతలు పెట్టి, తంబూరా మెడకు చుట్టి, ముడి వేశారు.

"రేపు వచ్చి చెప్పు, నాయనా" అన్నారు. "నీ వీరుడు ఎలా పడుకుంటాడు?"