గంతుల వారింట కొత్త చుక్క

నందిగుమ్మి సంస్థానాన్ని ఏలే విజయరంగ భూపతికి ఆ వర్షాకాలం సీతాకోకచిలుకల పిచ్చి పట్టుకుంది. అంతకుముందు గడియారాల పిచ్చి ఉండేది. దానికన్నా ఇదే నయమనుకున్నారు అంతఃపురంలో. ఇది గంటకోసారి మోగదు.

రంగురంగులవి ఆయనకి ఆనలేదు. మట్టిరంగు రెక్కలతో, బొద్దు ఒంటితో, తిన్నగా ఎగరడం చేతకానట్టు పువ్వు మీంచి పువ్వు మీదకి గంతులేసే చిన్నవి ఉంటాయి చూడండి, అవి నచ్చాయి.

"వీటిలో ఎన్ని రకాలుంటే అన్నిటికీ పేర్లు పెట్టాలి. పేరు పెట్టాక తోటలో వదిలెయ్యాలి. కొత్త రకం తెచ్చినవాడికి, దాని గొంగళిపురుగు మేసే పొలం ఇనాం!" అని చాటించారు.

అంతే, ఆస్థాన పండితుడు నృకేసరి శాస్త్రిగారు పలచటి గుడ్డ కట్టిన బుట్టతో సభలో ప్రత్యక్షమయ్యారు. శాస్త్రిగారికి తెలియని విషయం లేదు. ఆ సంగతి శాస్త్రిగారే చెప్పేవారు.

"ప్రభూ, ఇవన్నీ ఒకే వంశం. మనకి ఇంటిపేరు ముందూ సొంతపేరు వెనకా ఉన్నట్టే వీటికీ ఉండాలి. ఇంటిపేరు 'గంతుల'. సొంతపేరు, రెక్క మీద తెల్లచుక్కల్ని లెక్కపెట్టి నేను నిర్ణయిస్తాను."

మొదటిదానికి గంతుల విజయరంగడని పేరు పెట్టారు. రాజుగారు మీసం తిప్పారు. ఒక పసుపు చేను శాస్త్రిగారి పేరున మారింది. రెండోది గంతుల మహారాణి. ఇంకో పసుపు చేను. చిత్రమేమిటంటే, ఆ వంశంలో ప్రతి పిల్లా పసుపాకే తింటుంది. బీడు నేలలో గడ్డి తినే పిల్ల ఒక్కటీ పుట్టలేదు. పురుగులకి ఇబ్బందని ఆ చేలల్లోకి ఎవర్నీ అడుగు పెట్టనివ్వలేదు గానీ, శాస్త్రిగారి పెరట్లోంచి మాత్రం పసుపు ఉడికే వాసన కమ్మగా వచ్చేది.

మూడోదానికి రాజుగారి అత్తగారి పేరు పెట్టిన రోజున, అప్పలనర్సమ్మ అనే రైతు సభకొచ్చి నిలబడింది. వరసలో తరవాతి చేను ఆవిడది.

"బాబుగోరూ, ఆ పురుగు నా పసుపాకు తింటాదని నా సేనే ఇచ్చేత్తారేటండి? మరి నా పిల్లలేటి తింటారు?"

రాజుగారు ఇబ్బందిగా కదిలారు. "ఏం చెయ్యనమ్మా, మాట ఇచ్చాను. శాస్త్రిగారు ఇంకో కొత్త రకం తెస్తే నీ చేను ఇవ్వక తప్పదు."

"వచ్చేవారమే తెస్తాను" అన్నారు శాస్త్రిగారు ఉదారంగా.

రాజుగారి పక్కన తాంబూలానికి ఆకుమడుపులు చుట్టే గవరయ్య తల ఎత్తాడు. శాస్త్రిగారు రాజుగారి మల్లెపందిరి దాటి వేటకెళ్ళగా వాడెప్పుడూ చూడలేదు. ఆ పందిట్లో ఒక గంతుల వారి బిడ్డ ఎన్నిసార్లు తోలినా అదే కొమ్మకి తిరిగొచ్చి కూర్చోడం మాత్రం చూశాడు.

"మహాప్రభూ, పేరు పెట్టిన పసిదాన్ని దిష్టికి ఏమీ చెయ్యకుండానే పంపిస్తారా?" అన్నాడు.

సభ నవ్వింది. "సరే, నీ ముచ్చట తీర్చుకో" అన్నారు రాజుగారు.

గవరయ్య బుట్ట మీదికి వంగి ఏదో చేసి, చెయ్యి తుడుచుకుని, సీతాకోకచిలుకని కిటికీలోంచి వదిలేశాడు. శాస్త్రిగారు అటు చూడలేదు. రాజుగారు కప్పిన శాలువా జరీ అసలుదో కాదో గోటితో గీకి చూసుకుంటున్నారు.

అన్నట్టుగానే వారం తిరక్కుండా బుట్ట వచ్చింది. అప్పలనర్సమ్మా వచ్చింది.

"ప్రభూ, అద్భుతం! రెక్క చివర ఇంత చుక్క నా జన్మలో చూడలేదు. గంతుల గజేంద్రుడని, తమ పట్టపుటేనుగు పేరు పెడుతున్నాను."

అప్పలనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"శాస్త్రిగారూ, ఇది పాతదే కాదు కదా?" అన్నాడు గవరయ్య తమలపాకు ఈనె తీస్తూ.

"ఏమోయ్, నాకే చెబుతావా? పాతదానికి ఈ చుక్క ఏదీ? ఇది తాతముత్తాతల నుంచి దిగొచ్చే వంశలక్షణం. నువ్వు తుడిస్తే పోయే మరకనుకున్నావా?"

"పోదంటారా?"

"పోతే నా ఇనాములన్నీ వెనక్కిచ్చేస్తాను. సభ సాక్షి!"

గవరయ్య వేలు తడిచేసుకున్నాడు. బుట్టలో చెయ్యిపెట్టి, నెమ్మదిగా రెక్క పట్టుకుని, ఒక్కసారి రాశాడు. తరవాత చేతులు కట్టుకుని, తల వంచుకుని, ఎవరో పోయినవాడిలా నిలబడ్డాడు.

"క్షమించండి మహాప్రభూ. నా చేతుల్లో ఒక జాతి అంతరించిపోయింది."

రాజుగారు బుట్టలోకి చూశారు. చుక్క లేదు. గవరయ్య వేలు చూశారు. తెల్లగా ఉంది.

"ఏమిటిది?"

"సున్నం ప్రభూ. ఆ రోజు తమరి సెలవుతో పెట్టిన దిష్టిచుక్క. నల్లపిల్ల కదా, కాటుక ఆనదని సున్నం పెట్టాను."

రాజుగారు మళ్ళీ బుట్టలోకి తొంగిచూశారు.

"అయితే ఇది... మా అత్తగారా?"

"అత్తగారే ప్రభూ. మళ్ళీ వచ్చారు."

రాజుగారి నోట్లో తాంబూలం అడ్డం తిరిగింది. దగ్గుతో మొదలై నవ్వులోకి దిగారు. ఆపైన సభని ఆపడం ఎవరివల్లా కాలేదు. చేలన్నీ ఎవరివి వాళ్ళకి మళ్ళాయి. పెరట్లో ఉడికిన పసుపు కూడా పంచిపెట్టమన్నారు. అప్పలనర్సమ్మ చేని జోలికి ఎవరూ పోకూడదన్నారు. గవరయ్యకి అక్కడికక్కడే వెండి సున్నపుకాయ బహుమతిగా ఇచ్చారు.

శాస్త్రిగారు, అత్తగారు ఎగిరిపోగా మిగిలిన ఖాళీ బుట్ట పట్టుకుని నిలబడిపోయారు. అప్పలనర్సమ్మ ఆయన్ని జాలిగా చూసింది.

"గవరయ్యబాబూ, శాస్తుర్లుగోరి మొకం వాడిపోనాది. దిట్టి తగిల్నట్టుంది. ఓ సుక్క ఎట్టీరాదేటి?"

గవరయ్య వెండి సున్నపుకాయ మూత తీశాడు.