నల్లరాళ్ళ చరియ ఎవరిది

అడవికి తూర్పున నల్లరాళ్ళ చరియ ఉంది. అక్కడ రాయి కదిపితే ఒక పాకే ప్రాణి, ఆకు కదిపితే ఇంకొకటి. అందరికీ గొప్పలే. రాతి నెర్రెలో గుడ్లు చుట్టుకుని పడుకున్న కొండచిలువ, తనంత పొడవు ఎవరూ లేరనేది. జెర్రిపోతు తన పరుగు ముందు గాలి కూడా నిలవదనేవాడు. ఊసరవెల్లికి తన రంగుల మీద తన దిష్టే తగిలేది.

వీళ్ళ మధ్య ఆకుల కింద ఒదిగి బతికేది నలికండ్లపాము. పేరుకే పాము, చూస్తే బల్లికి చెల్లెలు. వేలెడు ఒళ్ళు, పుల్లముక్కల్లాంటి కాళ్ళు. నలుగురిలో నోరు విప్పాలంటే దాని తోక వణికేది.

ఒక పొద్దున, ఎక్కడ ఏ పాకే ప్రాణులున్నాయో లెక్క రాసుకునే సర్వే వాళ్ళొచ్చారు. ప్రాణులు పడేలా నేలలో బకెట్లు పాతారు, కొంకి కర్రలతో రాళ్ళెత్తి చూడసాగారు. అంతలో నక్క పరుగున వచ్చింది.

"అల్లుళ్ళూ, ఆ గోతాలు చూశారా? మీ తోళ్ళ కోసమే. వాళ్ళు పోయేదాకా ముక్కు బయట పెట్టకండి. మేనమామగా చెబుతున్నా."

నక్క మేనమామ ఎప్పుడయిందని ఎవరూ అడగలేదు. భయం వేసినప్పుడు చుట్టరికం ఎవరు విచారిస్తారు? చరియంతా ఖాళీ అయింది.

నలికండ్లపాము మాత్రం ఆ హడావుడిలో బకెట్లో పడింది. సర్వే చేసే అమ్మాయి దాన్ని అరచేతిలోకి తీసుకుని, పొలుసులు చూసి, ఫోటో తీసుకుంది. పక్కనే దారి చూపే ఈదన్న దిగులుగా నిలబడ్డాడు.

"రేపటితో పని అయిపాయె. ఈడ పాములు లేవంటే నేను నమ్మనమ్మా. కానీ కండ్లకు కనపడకపోతే ఈ చరియను అడవి హద్దులకెల్లి తీసేస్తరు. కంకర కొట్టేటోళ్ళకు ఇస్తరు."

ఆ అమ్మాయి నలికండ్లపామును దొరికిన చోటే ఆకుల మీద వదిలిపెట్టింది.

అప్పుడర్థమైంది దానికి నక్క ప్రేమ. కంకర కొట్టేవాళ్ళొస్తే గుడిసెలు లేస్తాయి, గుడిసెల చుట్టూ కోళ్ళు తిరుగుతాయి. నక్కకు కావలసింది ఆ కోళ్ళే. రాళ్ళు పగిలి గుడ్లు ఏమైతే దానికేం?

నెర్రె నెర్రెకీ పోయి ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్ళు చూసి వదిలేస్తారు, బయటికి రండని బతిమాలింది. లోపల నవ్వులు.

"నిన్ను వదలక ఏం చేస్తారే? నీ తోలుతో చెప్పుకు పట్టీ కూడా రాదు," అన్నాడు జెర్రిపోతు.

కాళ్ళున్న పాము మాట నమ్మినవాడికి బుర్ర లేనట్టేనని నక్క బండ పక్కనుంచి అందించింది.

నలికండ్లపాము గుడ్లున్న నెర్రె వైపు ఒకసారి చూసింది. తోక వణుకుతూనే బండెక్కింది. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

"సరే, రాకండి. వాళ్ళ లెక్కలో ఈ చరియకంతా పొడుగుదాన్ని నేనే. అందగత్తెను నేనే. వేగం కూడా నాదే."

నెర్రెల్లో నవ్వు ఆగిపోయింది.

"వేగం ఎవరిదీ?" అన్నాడు జెర్రిపోతు.

"నాదే మామా. నువ్వు లేవుగా."

మర్నాడు తెల్లారీ తెల్లారకముందే జెర్రిపోతు సర్వే వాళ్ళ దారికి అడ్డంగా ఒకసారి ఉరికాడు. చూశారో లేదోనని మళ్ళీ వెనక్కి ఉరికాడు. ఊసరవెల్లి ఎదురుగా కొమ్మెక్కి ఉన్న రంగులన్నీ విప్పింది. కొండచిలువ గుడ్లను వదల్లేదు గానీ, తల మాత్రం రాణిలా బయటపెట్టింది. కట్లపాము, పచ్చపాము, తొండలు, ఉడుములు, ఒకరిని చూసి ఒకరు. నక్క తోళ్ళు, తోళ్ళు అని గొంతు చించుకుంది. వినేవాడేడీ?

"నేను చెప్పలేదామ్మా?" అన్నాడు ఈదన్న. ఆయన ఛాతీ కూడా జెర్రిపోతు పడగెత్తినంత పైకి లేచింది. పడగ లేని పామే అయినా ఆవేళ జెర్రిపోతు తీరు అలాగే ఉంది.

వానలకు ముందే అడవి హద్దురాళ్ళు చరియకు అవతల పాతారు. గుడ్లు పగిలి కొండచిలువ పిల్లలు ఆ బండల మీదే ఎండ కాగాయి. కోడికూత కోసం చెవులు నిక్కించిన నక్కకు కప్పల బెకబెకలే దక్కాయి.

జెర్రిపోతు ఒకరోజు ఆకుల దగ్గర ఆగాడు. "ఏమే, ఆరోజు నన్ను రెచ్చగొట్టావు కదూ?"

"ఔను మామా."

"మరి వేగం ఎవరిది?"

"నీదే మామా. ఊరంతా చూసిందిగా."

ఉన్నవాళ్ళు ఉన్నామని కనబడకపోతే, ఉన్న ఇల్లు ఇంకొకరిదవుతుంది.