నల్లగుడ్డలో నమస్కారం

ఫోటోల పిచ్చి ముదిరి గవరయ్య తన ఎడ్లకొట్టాన్నే స్టూడియో చేసేశాడు. మొదటిరోజే జమీందారు తన దివానుతో సహా దిగాడు! ఆయన కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చి చూస్తే, ఎదుట కుర్చీలో కూర్చున్న దివాను కెమెరా అద్దంలో తలకిందులుగా కనిపించాడు.

"నన్నూ ఇలాగే తిప్పేస్తావట్రా? మూసెయ్ కొట్టు!"

ఫోటోలో అలా రాదని మొత్తుకున్నా జమీందారు వినలేదు. గవరయ్య చేతులు కట్టుకుని, "తమరు చూస్తున్నారనే దివానుగారు తల నేలకి దించారు ప్రభూ! తమరు కూర్చుంటే, ఈ గుడ్డలో తల వంచేది నేనే కదా!" అన్నాడు.

జమీందారు ఉబ్బిపోయి, మీసం దువ్వుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. గవరయ్య గుడ్డలో దూరాడు. తలకిందులుగా వేలాడుతున్న ఆ మీసం చూసి, నోరు నొక్కుకుని కడుపుబ్బా నవ్వుకున్నాడు.

"ఎంతసేపురా?" అన్నాడు జమీందారు.

"తల ఎత్తబుద్ధి కావడంలేదు ప్రభూ!"