కుసుమ రంగు

"మాస్టారూ, ప్రొఫైలు సరిగ్గా కుదిరితే కాగితం మీద పడింది నిజమైన రంగే అనుకోవచ్చా?" అని హైమ అడిగింది.

ఆమె విజయనగరంలో అప్పలస్వామి మాస్టారి దగ్గర ఫొటో ప్రింటింగ్ నేర్చుకుంటోంది. ఆ పూటే మొదటిసారి సొంతంగా ఒక ప్రొఫైలు తయారుచేసింది. ప్రింటరు, సిరా, కాగితం కలిసి ప్రతి రంగునూ ఏదో ఒక పక్కకు లాగుతాయి. అందుకని వందల రంగుగళ్ళున్న పటం ఒకటి అచ్చువేసి, బాగా ఆరనిచ్చి, ఒక్కో గడినీ రంగు కొలిచే మీటరుతో కొలుస్తారు. ఆ ప్రింటరు ఆ కాగితం మీద ఎక్కడెంత తప్పుతోందో అప్పుడు తెలుస్తుంది. ఆ తప్పుల్ని దిద్దే ఫైలే ప్రొఫైలు. అది పెట్టి వేసిన ఫొటో తెరమీది బొమ్మతో సరిపోయేసరికి హైమకు సంబరంగా ఉంది. మాస్టారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, బొబ్బిలి సన్యాసిరావు సంగతి చెప్పారు.

సన్యాసిరావు రైల్వేలో సిగ్నళ్ళ పని చూసేవాడు. ఫొటోలంటే ప్రాణం. ఆయనకూ పైడితల్లికీ ఒక్కతే కూతురు, కుసుమ. నల్లపిల్ల. ఇంటికొచ్చిన చుట్టాల్లో ఆ మాట అనకుండా కాఫీ తాగి వెళ్ళినవాళ్ళు తక్కువ. సన్యాసిరావు అక్కయితే పిల్ల ముందే అనేది. కూతురు మొహం చిన్నబోవడం చూడలేక ఆయన, ఫొటో తీసినప్పుడల్లా కంప్యూటర్లో ఆమె రంగు కాస్త తేల్చేవాడు. మొదట కొంచెమే. పోనుపోను అది చేతికి అలవాటైపోయింది. దిద్దినదాన్ని అసలు ఫొటో మీదే భద్రం చేసేవాడు, దాంతో అసలుది చెరిగిపోయేది. అసలుతో ఇక పనేముంటుందనుకున్నాడు.

ఒక పుట్టినరోజు ఫొటో చేతికిస్తే కుసుమ దాన్ని చాలాసేపు చూసింది.

"బావుంది నాన్నా. ఈ అమ్మాయిని ఓసారి మనింటికి పిలు," అంది.

ఆయన నవ్వాడు. ఆ పిల్లా నవ్విందట.

డిగ్రీ చదువుతుండగా ఓ వానాకాలం కుసుమకు జ్వరం తగిలింది. విశాఖపట్నం తీసుకెళ్ళారు గానీ మనిషి దక్కలేదు.

దినాలయ్యాక పైడితల్లి గోడకు ఫొటో కావాలంది. స్టూడియోలో వేయించినది ఎర్రగా వచ్చింది. ఇంట్లో వేస్తే పచ్చగా తేలింది. సన్యాసిరావు సెలవు పెట్టి మాస్టారి దగ్గరకు వచ్చాడు. "వీసమెత్తు తేడా రాకూడదు మాస్టారూ. ఏం చెయ్యాలో చెప్పండి, చేస్తాను," అన్నాడు. మాస్టారు చెప్పారు. ఆయన నేర్చుకున్నాడు. అంత శ్రద్ధగా నేర్చుకున్నవాణ్ణి మాస్టారు మళ్ళీ చూడలేదు. పటం వేశాడు, ఆరబెట్టాడు, ప్రతి గడినీ కొలిచాడు, అనుమానమొచ్చిన గడిని మళ్ళీ కొలిచాడు. ప్రొఫైలు పెట్టి వేసిన ఫొటోనూ తెరనూ ఇద్దరూ పక్కపక్కన పెట్టి చూశారు. తేడా లేదు. సన్యాసిరావు కండువాతో మొహం తుడుచుకుని, ఫొటోను రెండు అట్టల మధ్య పెట్టుకుని బస్సెక్కాడు.

పైడితల్లి ఆ ఫొటోను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూసింది. "ఇది దాని రంగు కాదండీ," అంది.

అప్పటిదాకా ఆయనకు తట్టలేదు. చెప్పింది చెప్పినట్టే వేసింది ప్రింటరు. చెప్పింది తాను. పాత ఫొటోలన్నీ వెతికాడు. అన్నీ తాను దిద్దినవే. కుసుమ ఫోన్ చూశాడు. అందులోని కెమెరా ఎవరి మొహాన్నయినా దానంతటదే తెల్లగా నున్నగా చేసేసేది. స్నేహితులు పంపినవీ అంతే. కాలేజీ గ్రూపు ఫొటోలో పిల్ల మొహం ఆవగింజంత ఉంది, అది కూడా నీడలో.

ఇక జ్ఞాపకమే మిగిలింది. మీటరొకటి కొని ఇంట్లోని ప్రింటరుకూ ప్రొఫైలు చేసుకుని, ఆ జ్ఞాపకాన్నిబట్టి రంగు ముదరబెట్టి, చెంప మటుకు చిన్న చిన్న ముక్కలుగా అచ్చువేయడం మొదలుపెట్టాడు. తాటిబెల్లం రంగు అంది పైడితల్లి. అంత కాదు, చింతగింజ తడిపితే వచ్చే రంగు అన్నాడాయన. ఆవిడ ప్రతి ముక్కనూ వెలుతురులో పట్టుకుని, ఇంకొంచెం అనేది, ఎక్కువైపోయింది అనేది. నిన్న సరిపోయిందన్నది ఇవాళ కాదనేది. ఒకరోజు ఆయనకు విసుగొచ్చి, "నీకసలు గుర్తుందా?" అని అడిగేశాడు. ఆవిడ ఆ పూట అన్నం తినలేదు.

చాలారోజులుగా కబురు లేదని మాస్టారే బొబ్బిలి వెళ్ళారు. బల్లమీదా మంచంమీదా ఒకే చెంప, రకరకాల రంగుల్లో పరిచి ఉంది. పైడితల్లి మంచినీళ్ళిచ్చి గడప దగ్గర నిలబడింది.

"మీరైనా చెప్పండి బాబూ, ఇంక నాకు చూపించొద్దని," అంది. "మొదట్లో కళ్ళు మూసుకుంటే పిల్ల కనబడేది. ఇప్పుడు ఈ ముక్కలే కనబడుతున్నాయి."

సన్యాసిరావు ఆమె వైపు చూడలేదు. తనకెన్నాళ్ళ నుంచో అలాగే ఉందనీ, ఆవిడకైనా మిగిలి ఉంటుందనుకున్నాననీ మెల్లగా అన్నాడు. పైడితల్లి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కాసేపు ఆ ముక్కల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, మళ్ళీ విడదీశాడు. తర్వాత తలెత్తి, "మాస్టారూ, నా ప్రొఫైలులో ఎక్కడో తప్పు దొర్లి ఉంటుంది. మీ చేత్తో ఒకసారి చూడండి," అని బతిమాలాడు.

మాస్టారు కాదనలేకపోయారు. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని, పటం కొత్తగా వేసి, ఆరనిచ్చి, ప్రతి గడినీ మళ్ళీ కొలిచారు. సన్యాసిరావు పక్కనే నిలబడి మీటరు వంకే చూస్తూ ఉండిపోయాడు.

మాస్టారు అక్కడితో ఆగారు. హైమ తన చేతిలోని ఫొటోను బోర్లా పెట్టి అడిగింది.

"తప్పు దొరికిందా మాస్టారూ?"

"దొరికితే ఎంత బావుండేదమ్మా," అన్నారు మాస్టారు.